కీసర గుట్ట మీద పరీక్ష

ఆ ప్రయాణం మాట వస్తే, "అమ్మకు ఘాట్ రోడ్డంటే భయం, తనే రానన్నదట" అంటారు మా పిల్లలు. అలా చెప్పింది నేను. అది అబద్ధం.

అప్పుడు నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఉప్పల్‌లో అద్దె ఇల్లు. మా సెక్షన్‌లో నలుగురం భార్యలతో కలిసి వ్యాన్ మాట్లాడుకున్నాం. భద్రాచలం, చింతూరు దాటి, మారేడుమిల్లి ఘాట్ దిగి, కాకినాడ సముద్రం చూడాలని. మా డాబా మీద మ్యాపు పరిచి, ఎగిరిపోకుండా మూలల మీద చాయ గ్లాసులు పెట్టేవాళ్లం. గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన నా భార్య మ్యాపులో సముద్రపు నీలం రంగును వేలితో తాకి చూసేది. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అడిగింది సముద్రం ఒక్కటే.

ఆమెను తీసుకెళ్లడం నాకు నామోషీ. మిగతా వాళ్ల భార్యలు చదువుకున్నవాళ్లు, ఈమె వేలిముద్ర మనిషి. ఆ మాట పైకి అనలేక, వరంగల్ బస్సులో మేడిపల్లి దగ్గర ఒకసారి ఆమె వాంతి చేసుకున్న సంగతి అందరి ముందూ తీశాను.

"బండంతా ఖరాబ్ జేస్తది. ముందుగాల కీసర గుట్ట ఎక్కిద్దాం. కక్కకుంటేనే తీస్కపోదాం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "సూడున్రి మరి" అంది.

ఆదివారం పొద్దున వద్దంటున్నా పూరీలు కొసరి కొసరి తినిపించాను. వ్యాన్‌లో వెనక సీటులో కూర్చోబెట్టి, మలుపుల్లో స్పీడు తగ్గించొద్దని డ్రైవర్‌కు చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుట్ట ఎక్కింది, దిగింది. ఏమీ కాలేదు.

"అయిపాయె! ఇగ సముద్రం సూపెట్టాలె" అంది దిగుతూనే.

"చెల్లెమ్మ పాసైపోయింది గురూ, తీసుకొచ్చెయ్" అన్నాడు వ్యాన్‌లో మాతో వచ్చిన కోస్తా మిత్రుడు.

"ఒక్కసారికేం తెలుస్తది?" అని మళ్లీ ఎక్కించాను. ఈసారి ఆమె పక్కనే కూర్చుని, అద్దాలు మూసి, సిగరెట్ వెలిగించాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది. తర్వాతి మలుపులో తన కొంగులోనే కక్కుకుంది. సీటు మీద ఒక్క చుక్క పడనివ్వలేదు.

"ఫెయిల్!" అని అరిచాను.

అయినా మేం దారిలో తినడానికని డబ్బా నిండా సకినాలు చేసి ఇచ్చింది. మారేడుమిల్లి మలుపుల్లో మిత్రుల భార్యలు ఇద్దరు వాంతులు చేసుకున్నారు. బండి ఆపించి, నిమ్మకాయలు కోసి, నీళ్లు పట్టి ఇచ్చింది నేనే. వాళ్లను రావద్దని ఎవరూ అనలేదు.

తిరిగి వచ్చాక ఖాళీ డబ్బా తెరిచి, అడుగున ఉన్న ఇసుకను చూసింది.

"ఘాట్ల ఎవలకన్న వాంతులైనయా?"

"ఎవ్వలకు గాలే."

"అట్లయితే నేను రాకపోవుడే మంచిగైంది" అని డబ్బా కడగడానికి వెళ్లింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆమె కూడా, "నేనే రానన్న" అంటుంది.