గోడకేసి కూర్చున్న మాస్టారు

మాస్టారు పోయారు. ఆ కబురు నాకు బస్సులో ఉండగా ఫోన్లో అందింది. ఒళ్లో ఛెనాపోడ మిఠాయి పెట్టె ఉంది. మా అమ్మాయికి ఢిల్లీలో, దేశమంతా చెప్పుకునే డాక్టరు కాలేజీలో సీటు ఖాయమైంది. మొదటి ముక్క మాస్టారి నోట్లోనే పెట్టాలని బయల్దేరాను. అయిదో తరగతితో వల పట్టిన నాబోటివాడి ఇంట డాక్టరమ్మ! నా సంతోషం నాలో పట్టడం లేదు, ఏం చెప్పమంటారు. ఆ సంతోషంతోనే మాస్టారి ఇల్లున్న అంకులిలో దిగాను. పెట్టెను కండువాలో చుట్టి దాచుకుని, ఆయన పాదాల దగ్గర నిలబడ్డాను.

మాస్టారు ఒడిశాలోని బరంపురంలో తెలుగు రైల్వే కుటుంబంలో పుట్టారు. మా రామయ్యపట్నం బడిలో లెక్కలు, సైన్సు చెప్పారు. రిటైరయ్యాక అంకులి ఇంటి వరండాలోనే ఊరికే చదువు చెప్పేవారు. పాఠం ఒడియాలో, తిట్లు తెలుగులో. "ఏటిరా, బుర్ర ఒడ్డునొగ్గీసి వచ్చీసినావా?" అనేవారు. తిట్లు తిన్నవాడికే మాస్టారమ్మ చేత ఇంకో గ్లాసు మజ్జిగ ఇప్పించేవారు.

బడిలో ఉన్న రోజుల్లో పొద్దున్నే ఒడ్డుకు వచ్చి మా పంపకం చూసేవారు. పడవ వచ్చాక చేపను కుప్పలుగా పోస్తాం. ఒకడు సముద్రంకేసి తిరిగి నిలబడతాడు. వెనక ఇంకొకడు ఒక కుప్పను ముట్టుకుని "ఇదెవలది?" అంటాడు. అటు తిరిగినవాడు చూడకుండానే ఒక పేరు చెబుతాడు. మంచి చేప పడినా, పనికిరానిది పడినా ఇక మాట ఉండదు. మాస్టారికి అది తెగ నచ్చింది. "కుప్పకి పేరు లేదు, అందుకే తగువు లేదు. మార్కుకీ పేరుండకూడదురా" అనేవారు.

ఆయన పాత శిష్యుడొకడు బరంపురంలో కోచింగు సెంటరు పెట్టాడు. మాస్టారి పిల్లల్లో ఒకరికి ఊరికే చదువు చెబుతానన్నాడు. ఒక్కరికే. తండ్రి లేని మనవడు మాస్టారి ఇంట్లోనే పెరుగుతూ, ఆ వరండాలో మా అమ్మాయి పక్కనే చదువుకునేవాడు. ఆ చోటు వాడిదేనని అందరం అనుకున్నాం. మాస్టారు మాత్రం పరీక్ష పెట్టారు.

పిల్లల చేతిరాతలన్నీ ఆయనకు తెలుసు. అందుకని కాగితాలు చూడకుండా గోడకేసి తిరిగి కూర్చుని, మాస్టారమ్మను చదవమన్నారు. పేర్లు చదవకూడదు. ఆవిడ జవాబు చదవడం, ఆయన మార్కు చెప్పడం. అమ్మాయి కోసం వెళ్లిన నేను గుమ్మంలో కూర్చున్నాను. అంతా బాగానే సాగింది. ఒక కాగితం దగ్గర మాత్రం మాస్టారమ్మ గొంతు మెత్తబడింది. పసివాడికి ముద్ద పెట్టేటప్పటి గొంతు.

మాస్టారు తల తిప్పలేదు. "ఒక్క గొంతుతో సదువు" అన్నారు.

"సదువుతన్నాను కదండీ."

"సదవడం లేదు. జోల పాడతన్నావు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు. ఆ కాగితానికి మార్కు చెప్పడానికి మాస్టారు చాలాసేపు తీసుకున్నారు. చివరికి పేర్లు చూస్తే, మా అమ్మాయి కంటే మనవడికి ఒక్క మార్కు తక్కువ. "ఠిక్ అచ్చి, సరే" అంటూ ఆయన లేచిపోయారు.

మా అమ్మాయి కోచింగుకు వెళ్లింది. మనవడు ఇంట్లోనే చదివి, డాక్టరు సీటుకు పెట్టే అదే పెద్ద పరీక్ష రాశాడు. "దిద్దేది మిషనురా. దానికి మనవలుండరు" అని మాస్టారు ధైర్యం చెబితే, "కోచింగు ఎవలికుందో కూడా దానికి తెలీదు తాతా" అన్నాడట. వాడికి సీటు రాలేదు.

పదోరోజున, తాతకు కర్మ చేసి గుండుతో ఉన్న వాడు నా పక్కన కూర్చున్నాడు.

"మావా, ఆ దినం నువ్వు గుమ్మంలో ఉన్నావంట కదా. నా కాగితమని తాతకి తెలిసిపోనాదా? తెలిసే ఒక మార్కు తగ్గించీసినాడేటి?"

"ఆయన ఈపు తప్ప నానేటీ సూడలేదు నాయనా" అన్నాను.

లోపలి నుంచి మాస్టారమ్మ అంది, "ఆయన్ననకు. నా గొంతుని అను." ఇప్పుడావిడ వాణ్ణి అన్నానికి పిలిచినా ఒక్క గొంతుతో, పాఠం అప్పజెప్పినట్టే పిలుస్తుంది.

దారిలో ఎవరైనా "డాక్టరు నాన్నా!" అంటే పొంగిపోతాను. ఆ వెంటనే వాడి ప్రశ్న నా వెనకాలే నడుస్తుంది. సీటు మాదే, న్యాయంగా మాదే అని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజం చెప్పగలిగినవారు మాస్టారొక్కరే. మా బతుకులకు వెలుగు చూపించిన చెయ్యి అది. దాన్ని తలుచుకుని దండం పెట్టినప్పుడల్లా ఆ ప్రశ్నే అడగబోయి ఆగిపోతున్నాను.

అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. మర్నాడు తన కోచింగు పుస్తకాలన్నీ మూటగట్టి అంకులి బస్సెక్కింది. వాడు మళ్లీ పరీక్ష రాస్తున్నాడు.

"నీ జాలి నాకక్కర్లేదు" అన్నాడట.

"జాలి కాదురా, ఫిజిక్సు. ముందు మూట దించు, సేతులు పీకేస్తన్నాయి" అందట మా అమ్మాయి.

అది ఢిల్లీ వెళ్లేలోపు రోజూ అక్కడికే. నిన్న సాయంత్రం తీసుకురావడానికి వెళ్లాను. వరండాలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అది ఒక లెక్క ఇచ్చింది. అప్పుడప్పుడే జుట్టు మొలుస్తున్న తల వంచి వాడు రాస్తున్నాడు. జవాబు దానికి కనబడకుండా ఎడమ అరచేతిని కాగితం మీద అడ్డం పెట్టుకున్నాడు. మా అమ్మాయి చూపు వీధివైపు తిప్పుకుంది.

అయినా వాడు చెయ్యి తియ్యలేదు.