అనంతమ్మ కేక

తొండుపల్లి అనంతమ్మ ఊరికే బోరు మోటరు వెయ్యదు. కొంగు నడుముకు దోపుకుని, పాలకూర మడులన్నీ ఒకసారి కలయజూసి, "ఏస్తున్నా!" అని కేకేస్తుంది. బదులు వచ్చాకే బటన్ నొక్కుతుంది. పక్కనే ఎయిర్‌పోర్టు కావడంతో, విమానం దిగుతుంటే ఆ మోత తగ్గేదాకా ఆగి మరీ అరుస్తుంది. నీళ్లు తగ్గాయంటే చాలు, ఎవరికీ చెప్పకుండా వైర్లలో చెయ్యి పెట్టడం పెనిమిటి బుచ్చయ్యకు అలవాటు. ఓసారి ఆమె చూడకుండా మోటరు వేస్తే అతని కుడి అరచెయ్యి కాలింది.

మొన్న స్టార్టర్లు బిగించే శేఖర్ వచ్చి రెండు రకాలు గట్టు మీద పెట్టాడు. ఒకటి సిమ్ముతో, సెల్లు టవరున్న ప్రతిచోటి నుంచీ పనిచేస్తుంది. రెండోది రిమోటుతో, రెండు వందల గజాలు దాటదు.

"సిమ్ముదే తీస్కో అక్కా. ఇంట్ల కూసొని ఫోన్ గొడ్తె మోటర్ నడుస్తది. పరేషానే ఉండది."

"నేను ఇంట్లకెల్లి ఫోన్ గొట్టినప్పుడు ఈయన వైర్లల్ల చెయ్యి వెట్టిండో లేదో నీ టవర్ చెప్తదా?"

శేఖర్ నవ్వాడు. "మోటర్ సంగతి చెప్తది గని, అన్న సంగతి చెప్పది."

"అయితే రిమోటే ఇయ్యి. గంత దూరంల ఆయన నాకు అవుపడ్తడు."

సాయంత్రానికి బిగింపు అయిపోయింది. తలమీదుగా విమానం దిగుతోంది. అనంతమ్మ బటన్ మీద బొటనవేలు ఆనించి, మోత తగ్గేదాకా ఆగింది.

"ఏమయ్యో, ఏస్తున్నా!"

అవతలి గట్టు మీద బుచ్చయ్య రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"ఎయ్యవే ఇగ!"

అప్పుడు నొక్కింది.