ఎవరి సైకిల్ చప్పుడు

నగరంలో ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తున్న రోజులవి. నేనూ అలాంటి ఒక ఆఫీసులో, విదేశాల నుంచి ఫోన్ చేసేవాళ్ల కంప్యూటర్ ఇబ్బందులు విని సరిదిద్దే పనిలో ఉండేవాణ్ణి. షిఫ్టంతా కుడి చెవికి హెడ్‌సెట్ అతుక్కునే ఉండేది. మాది శ్రీకాకుళం వైపు. మా ఆవిడ సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగింది, బడిలో లెక్కలు చెప్పేది. మల్కాజ్‌గిరిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం.

కూర్చుని కూర్చుని నడుము పట్టేయడం మొదలయ్యాక ఇద్దరం గేర్ల సైకిళ్లు కొనుక్కున్నాం. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి సైనిక్‌పురి మీదుగా కాప్రా చెరువు దాకా వెళ్లి వచ్చేవాళ్లం. రోడ్డు అంచున, నాకు ఎడమవైపు ఆమె ఉండేది.

కొన్నాళ్లకు చప్పుడు మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు గరగరమని, రేకుకు గొలుసు రాసుకుంటున్నట్టు.

"నీ చైన్ మొత్తుకుంటున్నది" అంది ఆమె. "ముందట పెద్దదాని మీద పెట్టినవ్, ఎనక సుత పెద్దదాని మీదనే పెట్టినవ్. చైన్ వంకరగ పోతున్నది చూడు."

ఆమె చెప్పింది నిజమే. ముందు పెద్ద చక్రం బయటికి ఉంటుంది, వెనక పెద్ద చక్రం లోపలికి ఉంటుంది. రెండింటి మీదా ఉంటే గొలుసు ఏటవాలుగా సాగి, ముందు గేరు మార్చే రేకును గీరుతుంది, త్వరగా అరుగుతుంది కూడా. కానీ ముందు చిన్న చక్రం మీదికి దిగడం నాకు ఓటమిలా ఉండేది. పెద్దదాని మీదే ఉంచి, కాళ్లు మొరాయించినప్పుడల్లా వెనక గేర్లతోనే నెట్టుకొచ్చేవాణ్ణి. పైగా ఆ చప్పుడు నాకు స్పష్టంగా ఎడమవైపు నుంచి వినిపించేది.

"చప్పుడు నాది కాదు, నీ సైకిల్‌దే" అన్నాను.

ఇలా చాలా ఆదివారాలు గడిచాయి. ఆమె తన గొలుసుకు నూనె వేయించుకుంది, రేకు సరిచేయించుకుంది. అయినా నాకు చప్పుడు అటునుంచే వచ్చేది. చివరికి ఒకరోజు సైనిక్‌పురి ఎత్తు మొదట్లో ఆమె బ్రేకు వేసి దిగిపోయింది.

"నేను ఈడనే నిలబడ్త. గేర్ మార్చకుండ నువ్వు పైదాక పో."

నేను తొక్కుకుంటూ వెళ్లాను. గరగర ఆగలేదు. అదీ ఎడమవైపు నుంచే. తల తిప్పి చూశాను. ఎడమవైపు ఒక కాంపౌండు గోడ, దాని మీద ఎండలో కాగితం పూలు. అంతే. సైకిల్‌కి గొలుసు కుడివైపు ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టింది. పెడల్ మీద నుంచి కాలు తీసి అక్కడే నిలబడిపోయాను.

ఆమె వచ్చేసరికి నేను సైకిల్ వెనక చక్రం ఎత్తి పట్టుకుని ఉన్నాను.

"జెర పెడల్ తిప్పు" అన్నాను ఆమె మాటలోనే. గొలుసు దగ్గరికి వంగి ఎడమ చెవి పెట్టాను. రొద. కుడి చెవి పెట్టాను. ఎక్కడో దూరంగా ఎవరో ఇసుక ఒంపుతున్నట్టు సన్నగా, అంతే.

"ఏమైంది?" అంది.

"ఈ చెవికి వినిపించట్లేదు."

ఆమె పెడల్ తిప్పడం ఆపేసింది.

చెవి డాక్టరు అద్దాల గదిలో కూర్చోబెట్టి శబ్దాలు వినిపించాడు. కుడి చెవి నరం దెబ్బతిందన్నాడు. ఒక చెవికి వినికిడి తగ్గితే చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో మెదడు పోల్చుకోలేదట, అన్నీ మంచి చెవి వైపు నుంచే వస్తున్నట్టు తోస్తుందట. మాట అందనప్పుడల్లా శబ్దం పెంచుకుంటూ వచ్చిన హెడ్‌సెట్ వల్లేనా అని అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోమన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె వంటింటి గడపలో కూర్చుంది.

"ఇన్ని దినాలు నేను పిలిస్తే కావాలనే పలుకుతలేవనుకున్న" అంది. "పని పెరిగింది, నేను పరాయిదాన్నైన అనుకున్న."

"మరి అడగలేకపోయావా?"

"అడిగిన. అదీ నీకినబడలే."

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, అన్నం వడ్డించింది.

మర్నాడు మేనేజరును కలిసి ఫోన్లు లేని పని అడిగాను. కొన్ని వారాలు తిప్పి, కంప్యూటర్ వాడేవాళ్ల కోసం సూచనలు రాసే పని ఇచ్చాడు. మొదట్లో చిన్నతనంగా అనిపించింది, తర్వాత ఇష్టమైంది.

నా గొలుసు అప్పటికే సాగిపోయింది. దాంతోపాటు వెనక పళ్లచక్రాలూ మార్చాల్సి వచ్చింది. గేర్లు ఎలా వాడాలో లెక్కల టీచర్ దగ్గర బుద్ధిగా నేర్చుకున్నాను. ముందు పెద్దది ఉంటే వెనక చిన్నవి, ముందు చిన్నది ఉంటే వెనక పెద్దవి, మధ్యదానికి దాదాపు అన్నీ. గొలుసు తిన్నగా ఉన్నప్పుడు పెడల్ కింద కాలికి ఒక నునుపు తెలుస్తుంది, వంకరపోతే సన్నటి వణుకు మడమలోకి ఎక్కుతుంది. అన్నాళ్లూ ఆ వణుకు కూడా నాకు తెలిసే ఉండాలి. చప్పుడు ఆమెదేనని నమ్మాక మన ఒంట్లో పుట్టినదీ పట్టదేమో.

కుడి హ్యాండిల్‌కి చిన్న అద్దం బిగించుకున్నాను, వెనక వచ్చే బండ్లు చెవికి అందవు కనుక. ఆమె ఎడమవైపే ఉండి, తన మాటలన్నీ మంచి చెవిలో చెబుతూ కాప్రా దాకా వస్తుంది.