గిన్నె మీద పేరు

ద్వారం రాతి మీద చెయ్యి వేశాను. రూపం వందల ఏళ్ళ నాటిదే కానీ అంచు మాత్రం నిన్న చెక్కినట్టు చేతికి గుచ్చుకుంది. బెర్లిన్‌లో ఎప్పుడో నేలమట్టమైన రాజభవనాన్ని మళ్ళీ పాత రూపంలో కట్టి, లోపల ప్రపంచ దేశాల వస్తువులతో మ్యూజియం పెట్టారు. ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్ళిన నేను, తీరిక దొరకగానే అక్కడికి పరుగెత్తింది అనసూయ మేడం కోసం.

మేడం చిక్కడపల్లిలో మా హాస్టల్ పక్కింట్లో ఉండే రిటైర్డ్ చరిత్ర టీచరు. వాళ్ళది ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నేనేమో పాలమూరు పల్లె నుంచి గ్రూప్స్ పరీక్షల కోసం వచ్చి, పొద్దంతా లైబ్రరీలో బిట్లు బట్టీ పట్టి, హాస్టల్ సాంబారు మింగలేక ఏడుపు మొహంతో తిరిగేదాన్ని. ఆవిడ గోడ మీదుగా స్టీలు గిన్నెలో పప్పు అందించేవారు. ఒకసారి దాని మీద చెక్కిన పేరు చూశాను.

"సత్యవతి అంటె మీ అత్తమ్మనా మేడం?"

"పిచ్చిదానా, అది గృహప్రవేశానికి గిన్నె ఇచ్చినావిడ పేరు. ఎవరో నాకూ గుర్తులేదు. నలభై ఏళ్ళుగా అందులో వండుతున్నదాన్ని, నా పేరెక్కడుందే దాని మీద?"

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ తర్వాత ఆవిడ నాకు చెప్పిన ఏ పాఠమైనా అంతే. ఏ రాజు కట్టించాడో గడగడా అప్పజెబితే, "సరే, రాళ్ళు మోసిందెవరు?" అని అడ్డుపడేవారు.

"జర పరేషాన్ చెయ్యకుర్రి మేడం. ఇది పరీక్షల రాదు."

"పరీక్ష అయ్యాక కూడా బతకాలిగా అమ్మాయ్."

ఒకరోజు ఈ బెర్లిన్ భవనం ఫొటో పేపర్లో చూసి, "మళ్ళీ కట్టి పాతదంటే సరిపోతుందా? రేపు నేనూ జుట్టుకు రంగేసుకుని పడుచుదాన్నంటా" అని వెక్కిరించారు. పేపరు మడుస్తూ, "అయినా ఒక్కసారి చూడాలే. తీసుకెళ్తావా?" అని మెల్లగా అడిగారు.

"నౌకరి రానియ్యండి, మొదటి టికెట్ మీకే."

ఉద్యోగం వచ్చింది. ఇద్దరికీ పాస్‌పోర్టులూ వచ్చాయి. ఆ వేసవిలోనే మేడం పోయారు.

మ్యూజియంలో అద్దం వెనక ఒక చెక్క గిన్నె ఉంది, అడుగు నల్లగా అరిగిపోయింది. కింద చీటీ మీద దాన్ని తెచ్చి ఇచ్చిన దొర పేరు ఉంది. "మేడం, ఇక్కడ కూడా గంతే" అంటూ పక్కకు తిరిగాను, పైకే అనేశాను. పక్కన ఎవరూ లేరు. అక్కడే కూలబడి ఏడ్చాను.

పై అంతస్తుకు వెళ్ళకుండానే బయటికి వచ్చేశాను. మొత్తం చూసేస్తే, మేడంతో కలిసి వెళ్ళాల్సిన చోటంటూ నాకు ఏదీ మిగలదు.