పాటల పెట్టెలో తల్లీబిడ్డ

2005వ సంవత్సరం. మదనపల్లెలో బెంగళూరు బస్టాండుకు దగ్గర్లో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. అంతకు ముందు ఏడాదే రీలు కెమెరా అటక మీద పెట్టేసి డిజిటల్ కెమెరా కొన్నాను. రీలుకు బదులు అందులో మెమరీ కార్డు ఉంటుంది. గోరంత ముక్క. తీసిన ఫోటోలన్నీ అందులోనే చేరుతాయి. నిండిపోతే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డు చెరిపి, మళ్లీ మొదలుపెట్టాలి. అప్పట్లో నా కార్డులో నూటపాతిక ఫోటోల కంటే ఎక్కువ పట్టేవి కావు. స్టూడియోలో కూర్చుని పని చేసుకునేవాడికి అది చాలు. ఊరు దాటితేనే చిక్కు.

ఆ ఏడాది వేసవికి ముందు డాక్టర్ వసుంధర గారు నా దగ్గరికి వచ్చారు. బెంగళూరులో ప్లాస్టిక్ సర్జన్. పుట్టిల్లు చింతామణి వైపు కాబట్టి తెలుగు బాగా మాట్లాడేవారు. గ్రహణం మొర్రి, అంటే పుట్టుకతోనే పై పెదవి చీలి ఉన్నవాళ్లకు ఉచితంగా ఆపరేషన్లు చేయడానికి శిబిరం పెడుతున్నారు. ఒకరోజు మదనపల్లెలో, మర్నాడు పుంగనూరులో మనుషుల్ని చూసి, తగినవాళ్లను కుప్పంలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోతారు. ప్రతి ఒక్కరికీ ఆపరేషన్‌కు ముందు నాలుగు ఫోటోలు కావాలి. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, గడ్డం కింది నుంచి ఒకటి. వీటిని ‘బిఫోర్ ఫోటోలు’ అంటారు. కుట్లు ఎక్కడ పడాలో డాక్టరు వాటిని చూసి లెక్క వేసుకుంటారు.

మదనపల్లెలో ఏ ఇబ్బందీ రాలేదు. కార్డు నిండినప్పుడల్లా స్టూడియోకు పోయి ఖాళీ చేసుకుని వచ్చాను. పుంగనూరులో ఒక బడి వరండాలో శిబిరం. మధ్యాహ్నం కాకముందే కార్డు నిండిపోయింది. డాక్టరు గారి ల్యాప్‌టాప్ రిపేరులో ఉంది. బస్సులో మదనపల్లెకు పోయి వస్తానంటే ఆమె నవ్వి, చేతిసంచిలోంచి తెల్లటి చిన్న పెట్టె ఒకటి తీశారు. పేకముక్కల కట్టంత ఉంది.

“పాటలు వినేది కదా మేడం ఇది?”

“అవును, ఆపరేషన్ చేసేటప్పుడు పెట్టుకుంటాను. లోపల మీ కంప్యూటర్లో ఉన్నట్టే చిన్న హార్డ్ డిస్క్ తిరుగుతూ ఉంటుంది ఖాదర్ గారూ. దానికి పాటైనా ఒకటే, ముఖమైనా ఒకటే.”

వేలెడంత అడాప్టర్‌ను దానికి తగిలించి, నా కెమెరా వైరును అందులో గుచ్చారు. తెర మీద చిన్న గీత నిండడం మొదలైంది. అరగంట పట్టింది. ఆ తర్వాత ఆ పెట్టె మీదున్న గుండ్రటి చక్రాన్ని వేలితో తిప్పితే, పొద్దున నేను తీసిన ముసలాయన ముఖం అగ్గిపెట్టెంత తెర మీద రంగుల్లో కనిపించింది. ఇరవై ఏళ్లు చీకటి గదిలో మందునీళ్లలో ఫోటోలు కడిగిన చేతులు నావి. పాటల మధ్యలోంచి మనిషి ముఖం లేచి రావడం చూసి, చక్రాన్ని వెనక్కీ ముందుకూ మళ్లీ మళ్లీ తిప్పాను. ఈ ఎక్కించే పనికి బ్యాటరీ బాగా ఖర్చవుతుందని చెప్పి, ఆమె దాన్ని బడి గోడకున్న స్విచ్చులో చార్జింగ్‌కు పెట్టారు.

మునెమ్మ వచ్చింది ఆ మధ్యాహ్నమే. పెద్దపంజాణి దగ్గర పల్లె. పట్టుపురుగులు పెంచే ఇల్లు. ముప్పై ఏళ్లుంటాయి. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చంకలో ఏడాదిన్నర ఆడబిడ్డతో వచ్చింది. వెంట వాళ్లక్క రెడ్డెమ్మ. బిడ్డకు గ్రహణం మొర్రి. చెంగు తీయమన్నాకే తెలిసింది, తల్లికీ అదే.

డాక్టరు గారు బిడ్డకు పరీక్ష చేయించి, “పాపకు రక్తం తక్కువగా ఉందమ్మా. ఇప్పుడు కుదరదు. మందులిస్తాం, మూడు నెలలకు తీసుకురా. నీకైతే ఇప్పుడే చేయొచ్చు” అన్నారు.

“నాకు యాలమ్మా? పెండ్లయిపాయ, బిడ్డ పుట్టిపాయ. ఇంగ నా మొగం ఎవురు సూస్తారు? నేనొచ్చింది దీనికోసరమే.”

“నీ ఇష్టం.”

మునెమ్మ లేచింది. నాలుగడుగులు పోయి మళ్లీ వచ్చింది.

“అమ్మా, శానా నొస్తాదా?”

“పెద్దవాళ్లకు పెదవికే మత్తు సూది ఇస్తాం. సూది నొప్పి ఉంటుంది. తర్వాత కుట్లు నాలుగైదు రోజులు సలుపుతాయి.”

ఆమె బిడ్డ వైపు చూసి అంది: “అట్లయితే ముందు నాకు సెయ్యండి. ఎంత నొస్తాదో నేను సూస్తా. నేను ఓర్సుకోగలిగితే బిడ్డను తెస్తా. లేకుంటే తేను.”

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, పేరు రాసుకున్నారు.

నాలుగు ఫోటోలూ తీశాను. ఆమె నా వైపు తిరిగి, “అప్పా, నన్నూ బిడ్డనూ కలిపి ఒగటి తియ్యవా? నేనింతవరకు ఫోటో దిగలా” అంది. పెళ్లిలో కూడా వద్దందట. కార్డులో ఇంకొక్కదానికే చోటుంది. చెంగు పూర్తిగా దించేసి, బిడ్డ చెంపకు చెంప ఆనించి, నవ్వింది. బిడ్డా నవ్వింది. రెండు పెదవులూ ఒకే చోట, ఒకే తీరున చీలి ఉన్నాయి. అందుకేనేమో, ఆ రెండు నవ్వులూ ఒక అచ్చులో పోసినట్టున్నాయి. మీట నొక్కాను. కార్డు నిండింది.

సాయంత్రం జీపులో కుప్పానికి బయల్దేరాం. ఎంపికైనవాళ్లు వెనక వ్యానులో వస్తున్నారు. మధ్యాహ్నం నిండిన కార్డును పాటల పెట్టెలోకి ఎక్కించే పని దారిలోనే పెట్టుకున్నాను. లోపల డిస్క్ తిరుగుతుండగా కుదుపు తగిలితే ఏమవుతుందోనని భయం. తువ్వాలు నాలుగు మడతలు వేసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద పెట్టెను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును బతిమాలుకున్నాను. పెద్దపంజాణి దగ్గర గీత సగం నిండింది. పలమనేరులోకి వస్తుంటే పూర్తయింది. ‘కార్డు చెరిపేయాలా’ అని తెర అడిగింది. దారిలో ముందున్న శాంతిపురంలో ఇంకొందరు పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నారు, వాళ్లకు ఖాళీ కార్డు కావాలి. ఎక్కిన ఫోటోల్ని ఒకసారి తెరిచి చూసుకోకుండానే ‘సరే’ నొక్కేశాను. శాంతిపురంలో ఆ కార్డు మీదే కొత్త ఫోటోలు తీశాను.

అక్కడి నుంచి కదిలాక, తల్లీబిడ్డల ఫోటో మళ్లీ చూడాలనిపించి పెట్టె తీశాను. బ్యాటరీ గుర్తు ఎర్రగా కనిపించి, తెర ఆరిపోయింది. కుప్పం చేరాక చార్జర్ కోసం సంచులన్నీ బోర్లించాం. అది పుంగనూరు బడి గోడకే ఉండిపోయింది. అలాంటి చార్జర్ కుప్పంలో ఏ షాపులోనూ లేదు.

“మేడం, కార్డు చెరిపేసినాను. అన్నీ ఎక్కినాయో లేదో సూడలేదు” అని చెప్పుకున్నాను.

ఆమె ఆరిపోయిన తెరను ఒకసారి చూశారు. తర్వాత, “వాళ్లందరూ ఇక్కడే ఉన్నారు కదా. పొద్దున మళ్లీ తీయండి. ఆ ముఖాలు ఇంకా మారలేదు” అన్నారు.

ఆ మాట నన్ను కదిలించింది. నిజమే, రేపటి నుంచి ఒక్కో ముఖమూ మారిపోతుంది. ఆ తర్వాత నేను ఎంత మంచి కెమెరా తెచ్చినా పాత ముఖాన్ని ఇక తీయలేను.

పొద్దున్నే అందరికీ మళ్లీ తీశాను. మునెమ్మది మొదటి ఆపరేషన్. బిడ్డ రెడ్డెమ్మ భుజం మీద నిద్రపోతోంది. మునెమ్మ నన్ను చూసి, “అప్పా, నిన్న తీసింది ఉండాది గదా? బద్రమేనా?” అంది.

బిడ్డను లేపి ఇద్దరికీ ఇంకొకటి తీద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో నర్సు ఆమె పేరు పిలిచింది. “ఉండాదక్కా, బద్రంగా ఉండాది” అనేశాను. ఉందో లేదో నాకే తెలియదు. వృత్తిలో చిన్న చిన్న అబద్ధాలు చాలా చెప్పాను. రేపిస్తానని ఎల్లుండి ఇవ్వడం లాంటివి. ఇది మాత్రం అలాంటిది కాదు.

ఆపరేషన్ మధ్యలో ఫోటోలు తీయడానికి నన్నూ లోపలికి రమ్మన్నారు. డాక్టరు గారు మునెమ్మతో, “పాటలు పెడదామనుకున్నాను, పెట్టెకు ప్రాణం లేదు. నీ పట్టుపురుగుల సంగతి అడుగుతా, వేళ్లతో చెప్పు” అన్నారు. ఎన్ని రోజులకు గూడు కడతాయి, రోజుకు ఎన్నిసార్లు ఆకు వేయాలి అని అడుగుతూ పోయారు. మునెమ్మ పడుకునే వేళ్లు లేపి చూపించింది. సూది దిగినప్పుడు ఆమె రెండు కళ్ల చివరల నుంచీ నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. తల మాత్రం రవ్వంత కూడా కదలలేదు. నొప్పిని తట్టుకోవడం వేరు. బిడ్డ కోసం దాన్ని శ్రద్ధగా కొలుచుకోవడం వేరు. ఆమె కొలుచుకుంటోందని ఆ గదిలో అందరికీ తెలుసు.

మధ్యాహ్నానికి చీలిక స్థానంలో సన్నటి కుట్ల గీత మిగిలింది. నర్సు అద్దం ఇస్తే చాలాసేపు చూసుకుంది. మాట్లాడకూడదన్నారు కాబట్టి ఏమీ అనలేదు. బిడ్డను ఇమ్మని చేతులు చాపింది.

బిడ్డ ఆమె ముఖం చూసి గుక్కపట్టి ఏడ్చింది.

వాచిన పెదవి, కొత్త రూపు, ఒంటికి మందుల వాసన. పిలుద్దామంటే మాట్లాడకూడదు. రెడ్డెమ్మ ఎంత బుజ్జగించినా బిడ్డ ఆమె మెడను వదల్లేదు. సాయంత్రం ఇంకోసారి ప్రయత్నించారు. అంతే. మునెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. రెడ్డెమ్మ వరండాలోకి వచ్చి, “బిడ్డకు ఆనవాలు దొరకలేదప్పా. మా సెల్లెలు సూది కుచ్చినప్పుడు కూడా ఇంతగా ఏడిసుండదు” అంది.

బడికి ఫోన్ చేసి చెబితే, మర్నాడు పొద్దున పుంగనూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు చార్జర్ తెచ్చి ఇచ్చాడు. ఆసుపత్రి వరండాలోనే స్విచ్చుకు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు తెర నల్లగానే ఉంది. తర్వాత వెలిగింది. పాటల పేర్లు వచ్చాయి. వాటి కింద ఫోటోల వరస. చక్రం తిప్పే వేలికి చెమట పట్టి జారుతోంది. పుంగనూరు ముఖాలు ఒక్కొక్కటే వచ్చాయి. మునెమ్మవి నాలుగూ వచ్చాయి. ఇంకొకసారి తిప్పాను.

చెంపకు చెంప ఆనించుకుని తల్లీబిడ్డ నవ్వుతున్నారు.

పరుగున లోపలికి పోయి మునెమ్మ చేతికిచ్చాను. ఆమె తెర వైపు చూసి, దాన్ని తన చెంప పక్కన పెట్టుకుని, బిడ్డ వైపు తిప్పింది. రెడ్డెమ్మ ఒళ్లోంచి బిడ్డ తొంగి చూసింది. తెర మీది అమ్మను గుర్తుపట్టింది. “మ్మ” అని వేలు పెట్టి ఆ గాజును తాకింది. తెర ఆరిపోతే నేను చక్రం తాకి మళ్లీ వెలిగించాను. బిడ్డ ఆ చిన్న ముఖాన్ని చూసింది, పక్కనున్న పెద్ద ముఖాన్ని చూసింది. మళ్లీ దీన్ని, మళ్లీ దాన్ని. ఎంతసేపో చెప్పలేను. ఆ వార్డులో పది మంచాలున్నాయి. అన్నిటి మీదివాళ్లూ ఇటే చూస్తున్నారు. చివరికి ఆ బిడ్డ చేయి గాజును వదిలి, మునెమ్మ కంటి కింద, చెమ్మగా ఉన్నచోట ఆనింది. తర్వాత తనంతట తానే ముందుకు వంగింది.

మునెమ్మ ఏడవకూడదు, కుట్లు సాగుతాయి. డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడి అంతా చూశారు. ఏడవొద్దని మాత్రం ఆమె చెప్పలేదు.

నాలుగో రోజు ఇంటికి పోయే ముందు మునెమ్మ డాక్టరు గారితో చెప్పింది: “సూది మూడుసార్లు పొడిసినారమ్మా. రెండోది శానా నొచ్చె. కుట్లు రెండు దినాలు సలిపె. అయినా ఓర్సుకోవచ్చు. బిడ్డను తెస్తా.”

మూడు నెలలకు తెచ్చింది. మందులతో బిడ్డ బుగ్గలు నిండాయి. బిఫోర్ ఫోటోలు తీయడానికి నేనూ పోయాను. నాలుగూ అయ్యాక, “బిడ్డదొక్కటే ఇంగొగటి తియ్యప్పా, నవ్వేటప్పుడు” అంది మునెమ్మ.

“ఎందుకక్కా? రేపటికి ఈ మొగం ఉండదు గదా?”

“అందుకే. పెద్దయినాక సూపించల్ల. నేను మొదట ముద్దు పెట్టుకునిన మొగం ఇదేనని దానికి సెప్పల్ల.”

అప్పటిదాకా బిఫోర్ ఫోటో అంటే లోపం ఎక్కడుందో చూపించే కాగితమనే అనుకున్నాను. స్టూడియోలో మచ్చలు చెరిపేసి, చెరిపిన ఫోటోలే దాచేవాణ్ణి. ఆ రోజు నుంచి, ఎవరు ఏది చెరపమన్నా, ముందు ఉన్నది ఉన్నట్టుగా ఒకటి తీసి, కళ్లారా చూసుకుని, దాచిపెట్టి, ఆ తర్వాతే చేయి పెట్టాను. ఏ ముఖాన్ని ఎవరు ప్రేమిస్తున్నారో కెమెరా వెనక నిలబడిన మనకు తెలియదు.

బిడ్డను రెండు చేతులతో నా కెమెరాకు ఎదురుగా ఎత్తి పట్టుకుని, కుట్ల గీత సాగేంతగా నవ్వుతూ మునెమ్మ అడిగింది: “పడిందా అప్పా? ఒగసారి సూసి సెప్పు.”

చూశాను. పడింది.