పాడవని స్టీలు మిషను

మా ఆయన సరుకుల ఓడల్లో ఇంజనీరుగా పనిచేసేవారు. ఏడాదిలో రెండు నెలలు ఇంట్లో ఉంటే గొప్ప. నాకేమో గుడివాడ నుంచి బందరుకు బదిలీ అయింది. పిల్లలు లేరు. తొంభైల చివర్లో ఆ ఊళ్ళో ఓ అద్దె ఇంట్లో, ఆఫీసుకు వెళ్ళడం, రావడం తప్ప వేరే వ్యాపకం లేకుండా ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆఫీసులో మాటలంటారా, అవి ఫైళ్ళ మాటలు. ఇంటికొచ్చాక నాతో మాట్లాడే మనిషి ఒక్కతే. అంట్లు తోమే ఆవిడ.

ఆవిడది దివిసీమ. బందరు పక్కనే గిలకలదిండిలో చేపల వేటకెళ్ళే ఇంటికి కోడలిగా వచ్చింది. రెండు పూటలా వచ్చి పెరట్లో చప్టా మీద కూర్చుని బూడిద, కొబ్బరిపీచుతో తోమేది. మా ఇళ్ళలో ఓ పద్ధతి ఉంది. పనిమనిషి తోముతుంది, తొలవడం మాత్రం ఇంటావిడే చేసుకోవాలి. మా అమ్మ మడి కోసం చేసేది. నాకు మడీ లేదు, దడీ లేదు గానీ ఆ అలవాటు పోలేదు. ఆవిడ తోమి ఇటు జరిపితే నేను చెంబుతో నీళ్ళు పోసి బోర్లించేదాన్ని. ఆ కాసేపూ మా ఇద్దరికీ నోరు మూతపడేది కాదు. అత్తగారి మీద చాడీలు, దివిసీమలో పీతల రుచి, పక్కింట్లో ఎవరు ఎవరితో అలిగారో అన్నీ ఆవిడే చెప్పాలి. ఉన్నవి నాలుగు గిన్నెలే అయినా అరగంట పట్టేది. పట్టించేవాళ్ళం.

ఓసారి సెలవులో వచ్చినప్పుడు మా ఆయన ఆ చప్టా దగ్గర నన్ను చూసి తెగ బాధపడిపోయారు. ఆయన దృష్టిలో నేను చలిలో నీళ్ళు మోస్తూ కష్టపడిపోతున్నాను. అంతే, విశాఖపట్నంలో ఎవరో విదేశీ కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేస్తుంటే గిన్నెలు కడిగే మిషను ఒకటి కొని లారీలో వేయించి పంపేశారు. తరవాత తనూ దిగి, దాన్ని పెరటి వరండాలో పెట్టి కుళాయి గొట్టం తగిలించి, పనావిడకు ఓ చీర పెట్టి, "ఇంక నీకు శ్రమ లేదమ్మా, మానెయ్యి" అన్నారు. ఆయన మొహంలో ఆ సంబరం చూస్తూ నేనేం చెప్పను? ఆవిడ చీర కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

మిషనుకు వంక పెట్టలేను. అప్పటికే పాతది. లోపలా బయటా అంతా స్టీలే, ప్లాస్టిక్కన్న మాటే లేదు. తలుపు వేస్తే బీరువా తలుపు వేసినట్టు బరువుగా పడేది. మూలలన్నీ గుండ్రంగా, చెయ్యి పెట్టి తుడవాలనిపించేంత నునుపుగా ఉండేవి. కరెంటు పోయి వస్తే ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టేది. పొగలు కక్కే నీళ్ళతో కడిగిన గ్లాసు వేడివేడిగా చేతికొస్తే నిజంగా ముచ్చటేసేది. కానీ ఆ గ్లాసు ఎవరికి చూపించను?

అసలు చిక్కు వేరే ఉంది. అది నిండితే గానీ నడపకూడదు, నీళ్ళూ కరెంటూ దండగ అని మా ఆయన మరీ మరీ చెప్పి వెళ్ళారు. ఒంటి మనిషిని, ఒక కంచం, ఒక గ్లాసు, అన్నం గిన్నె. అవెప్పటికి నిండాలి? రాత్రిపూట అంట్లు ఇంట్లో ఉంచడం నాకు పడదు, చేత్తో కడిగేసుకుందామంటే ఆయన అంత ముచ్చటపడి తెచ్చినదాన్ని మూల పెట్టబుద్ధి కాదు. అందుకని అటక మీద ఉన్న పెళ్ళి సామానంతా దించాను. చుట్టాల పేర్లు చెక్కించిన పళ్ళేలు, గిన్నెలు. శుభ్రంగా ఉన్న వాటినే నా ఒక్క కంచం చుట్టూ పేర్చి మిషను నడిపేదాన్ని. మా మేనత్త పళ్ళెం, మా పెద్దమ్మ పళ్ళెం తుడిచి మళ్ళీ పేర్చుకుంటుంటే, వీళ్ళంతా వచ్చి భోంచేసి వెళ్ళారన్నట్టు నటిస్తున్నానని నామీద నాకే ఒళ్ళు మండేది. కొన్ని సాయంత్రాలు అక్కడే కూర్చుని ఏడ్చాను కూడా.

మా ఆయన ఏదో రేవు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు మిషను గురించే అడిగేవారు. "బాగుంది" అనేదాన్ని. "చూశావా, ఇప్పటివాటిలా కాదు" అని మురిసిపోయేవారు. ఓ రోజు కడుపు మండి, ఏదో ఒక తీగ లాగేద్దామని స్క్రూడ్రైవరు పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. ఎక్కడ లాగాలో తెలిస్తేగా. వెనక రేకు ఊడి రానే లేదు.

చివరికి సిగ్గు విడిచి ఓ ఆదివారం ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్ళాను. ఆవిడ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఇంత దూరం వచ్చారేంటండీ అమ్మగారూ?" అంది కంగారుగా.

నాకు మాట్లాడే దిక్కు లేదు, ఊరికే వచ్చి కూర్చుని పో, అని ఓ ఉద్యోగస్తురాలు పనిలోంచి మాన్పించిన మనిషిని ఎలా అడుగుతుంది? "మళ్ళీ పనికొస్తావేమోనని" అన్నాను.

"మిషను పాడైపోయిందా అండి?"

తలూపాను.

"అయ్యో, అయ్యగారు అంత ముచ్చటపడి తెచ్చారు. నేను చేపల షెడ్డుకెళ్తన్నానండి, రెండు పూటలా అక్కడే సరిపోతంది. మా తమ్ముడు బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. ఆడికి మీ ఇల్లు తెలీదు, వచ్చే ఆదివారం నేనే తీసుకొస్తా."

వద్దు వద్దంటూనే లోపల ఎంత సంతోషపడ్డానో. ఆవిడ మా ఇంటికొస్తుంది. ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి ఉన్న మాట అడిగేస్తాను, షెడ్డుకి సెలవున్న రోజైనా వచ్చి వెళ్ళమంటాను. వారమంతా అదే ఆలోచన. ఆదివారం పొద్దున్నే లేచి పెసరట్లకు పిండి రుబ్బుకుని వీధి తలుపు తీసి పెట్టుకున్నాను.

అన్న వేళకే వచ్చారు. తమ్ముడు స్విచ్చి వేశాడు. మిషను హాయిగా తిరిగింది. అతను నన్ను అనుమానించలేదు, పాపం, ఆగి ఆగి వచ్చే రోగమేమోనని గొట్టాలు విప్పి చూశాడు, లోపల మెతుకులు పట్టే జల్లెడ కడిగాడు, తలుపు రబ్బరు నొక్కి చూశాడు. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. నేను పెనం దగ్గరికీ పెరటి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఆవిడను పిలుద్దామంటే తమ్ముడికి గుడ్డ అందిస్తూ అక్కడే నిలబడింది.

"దీనికి ఏ జబ్బూ లేదండి" అన్నాడు అతను చేతులు తుడుచుకుంటూ. "ఈ ఉప్పుగాలికి మా ఇంజన్లు ఏడాదికే తుప్పట్టిపోతాయి. దీనికి చుక్క తుప్పు లేదు. మీరున్నంత కాలం ఇది ఉంటదండి."

అట్లు తిని వెళ్ళమన్నాను. బోటు దగ్గర మనుషులు కాసుక్కూర్చున్నారని అతను అప్పటికే వీధిలోకి నడిచాడు. ఆవిడ మాత్రం గుమ్మం దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"వారం నుంచీ నాకు ఒకటే దిగులండీ, అమ్మగారు ఒక్కరూ ఎలా నెట్టుకొస్తున్నారో అని" అంది మొహమంతా నవ్వుతో. "ఇంక ఫర్వాలేదు. ఇంక మీకు ఎవరితోనూ పనిలేదు."