చేతి వెనకవైపు

రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే ప్యాసింజరు రైల్లో, నా ఎదురు సీట్లో కూర్చోబోతూ ఆయన కిటికీ ఊచను ముందు చేతి వెనకవైపుతో తాకి చూశాడు. ఆ తర్వాతే పట్టుకున్నాడు. నేను చూస్తున్నానని గమనించి మొహమాటంగా నవ్వాడు.

"అలవాటైపోయిందమ్మా. అరచేత్తో పట్టుకుంటే కరెంటు వదలదు. మా జతగాడికి అట్టాగే అయింది. స్లాబు వేస్తుంటే మిషనుకి కరెంటొచ్చి, పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది. మోచేతి దాకా తీసేశారు."

తెనాలిలో లేబర్ ఆఫీసుకి సాక్ష్యం చెప్పడానికి వెళ్తున్నాడట. చూసింది ఆయనొక్కడే.

"మావాడు ఆ రోజు తాగొచ్చాడని చెప్పమంటున్నాడు కాంట్రాక్టరు. అట్టా చెబితే వాడికి పరిహారం రాదు. చెప్పకపోతే నాకు పనుండదు."

కొత్తవాళ్ళతో నోరు విప్పని నేను ఎలాగో అడిగాను. "ఆయన తాగారా అండి?"

ఆయన కిటికీ ఊచ మీంచి చెయ్యి తీసేశాడు.

"టీ తాగాడమ్మా. గ్లాసు నేనే అందించా."

తెనాలిలో తలుపు పక్క కమ్మీని మళ్ళీ అలాగే తాకి చూసి, పట్టుకుని దిగిపోయాడు. ఆఫీసులో ఏం చెప్పాడో నాకు తెలియదు.

ఇప్పుడు ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయబోయినా నా చెయ్యి దానంతటదే తిరగబడుతుంది. అప్పుడు ఆ టీ గ్లాసు అందుకున్న చెయ్యి, నేనెన్నడూ చూడని ఆ చెయ్యి, కళ్ళముందు కనిపిస్తుంది.